చెల్లో తడబడే చోటు

చెల్లో అంటే కూర్చుని మోకాళ్ల మధ్య పట్టుకుని వాయించే, వయొలిన్ లాంటి పెద్ద వాయిద్యం. దాని నాలుగు తీగలను వాటి పాశ్చాత్య స్వరాల పేర్లతోనే సి, జి, డి, ఎ అంటారు. జి తీగ మీద వేలు నెమ్మదిగా పైకి జరుపుకుంటూ వెళ్లండి. బి, సి, డి అన్నీ నిండుగా పలుకుతాయి. ఇ దాటి ఎఫ్ దగ్గరికి వచ్చేసరికి స్వరం నిలవదు. సెకనుకు నాలుగైదుసార్లు కొట్టుకుంటూ వణుకుతుంది, మధ్యమధ్య పై స్థాయి ఎఫ్ తొంగిచూసి పోతుంది. బో (కమాను) గట్టిగా నొక్కితే గీరుతుంది, తేలిగ్గా పట్టుకుంటే పలకనే పలకదు. ఇంకో స్వరం పైకి పోగానే ఏమీ జరగనట్టు మళ్లీ మామూలే.

వాయించేవాళ్లు దీన్ని వుల్ఫ్ నోట్ (తోడేలు స్వరం) అంటారు, చనువు కొద్దీ ఉత్త వుల్ఫ్ అంటారు. మనిషికి మనిషికీ గొంతు మారినట్టే ఇది కూడా ఒక్కో చెల్లోలో ఒక్కో చోట ఉంటుంది. అయినా చాలావాటిలో ఇ నుంచి ఎఫ్ షార్ప్ వరకు, అంటే 165 నుంచి 185 హెర్ట్జ్ మధ్యలోనే దొరుకుతుంది. చెన్నైలో చెల్లో వాయించేవాళ్లు వయొలిన్ వాళ్లతో పోలిస్తే గుప్పెడే. కానీ ఆ ధ్వని తెలుగు చెవికి కొత్తది కాదు. మన సినిమా పాటలు కొన్ని దశాబ్దాలపాటు ఇక్కడి కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల థియేటర్లలోనే రికార్డయ్యాయి, విషాదం సీను వచ్చిందంటే వెనకాల చెల్లోలు ఉండేవి. నలుగురైదుగురు కలిసి వాయించేటప్పుడు ఎవరి వుల్ఫ్ ఎక్కడుందో బయటపడదు, ఎందుకంటే ఒకరిది తడబడిన చోట మిగతావాళ్లవి నిలబడతాయి. ఒక్కరే మైకు ముందు కూర్చుని ఎఫ్ మీద రెండు బార్లు (తాళం ఆవృత్తాలు) ఆగాల్సి వచ్చినప్పుడే తంటా.

మొదట అది వుల్ఫేనా అన్నది తేల్చుకోవాలి. కొత్త చెల్లో కొన్నవాళ్లు చాలామంది అతుకు ఊడిన చప్పుడునీ, ఫైన్ ట్యూనర్ (శ్రుతి సవరించే చిన్న మర) వదులై చేసే జుయ్ మనే శబ్దాన్నీ వుల్ఫ్ అనుకుంటారు. తేడా పట్టుకోవడం తేలికే. అదే ఎఫ్‌ను డి తీగ మీద వాయించండి, తర్వాత సి తీగ మీద బాగా పైన వాయించండి. అన్ని తీగల మీదా అదే స్వరం దగ్గర ఇబ్బంది ఉంటే అది చెల్లో ఒళ్లైన చెక్కపెట్టె వ్యవహారం. ఒక్క తీగ మీద మాత్రమే, అన్ని స్వరాల్లోనూ ఉంటే తీగ మార్చే రోజొచ్చిందని అర్థం. ఇంకో పరీక్ష ఉంది: బో పక్కన పెట్టి వేలితో మీటండి. వదులైనది ఏదైనా ఉంటే మీటినా జుయ్ మంటుంది. వుల్ఫ్ ఉన్న స్వరమైతే జుయ్ మనదు, కానీ పక్క స్వరాల్లా మోగకుండా టక్కున చచ్చిపోతుంది. ఎందుకు చచ్చిపోతుందన్న దాంట్లోనే అసలు కారణం ఉంది.

తీగ తనంతట తాను పెద్ద శబ్దం చేయలేదు. దాని కంపనాన్ని బ్రిడ్జ్, అంటే తీగలను మోసే చిన్న చెక్క వంతెన, చెక్కపెట్టె పైభాగపు పలకకు అందిస్తుంది, ఆ పలక గాలిని కదిలిస్తుంది. చెక్కపెట్టెకు తనకంటూ కొన్ని సహజ పౌనఃపున్యాలు ఉంటాయి. వాటిలో బలమైనది ఒకటి చెల్లోలో సరిగ్గా వాయించే స్వరాల మధ్యలో, ఎఫ్ చుట్టుపక్కల పడుతుంది. వేరే స్వరాల దగ్గర బ్రిడ్జ్ తీగకు గట్టి గోడలా నిలబడి, శక్తిని కొంచెం కొంచెంగా లోపలికి వదులుతుంది. అనునాదం దగ్గర, అంటే తీగ స్వరం పెట్టె సహజ పౌనఃపున్యంతో కలిసిన చోట, ఆ గోడే ఊగిపోతుంది. తీగలోని శక్తి ఒక్కసారిగా పెట్టెలోకి కారిపోతుంది. మీటిన స్వరం త్వరగా ఆరిపోవడానికి కారణం అదే.

బోతో వాయించేటప్పుడు కథ ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. బో వెంట్రుకలు తీగను పట్టుకుని లాగుతాయి, తీగ జారుతుంది, మళ్లీ పట్టుకుంటాయి. మంచి స్వరంలో ఒక్కో ఆవర్తనానికి ఒక్కసారే జారుతుంది. ఆ పట్టు నిలవాలంటే బో మీద కనీసం ఇంత ఒత్తిడి ఉండాలి, బ్రిడ్జ్ ఎంత ఎక్కువ కదిలితే ఆ కనీసం అంత పెరుగుతుంది. ఇప్పుడు ఎఫ్ మొదలుపెట్టామనుకోండి. మొదటి క్షణంలో పెట్టె ఇంకా కదలడం లేదు, కాబట్టి స్వరం హాయిగా వస్తుంది. తర్వాత పెట్టె ఊపందుకుంటుంది. బ్రిడ్జ్ కదలిక పెరుగుతుంది, కావలసిన కనీస ఒత్తిడి మన చేతి ఒత్తిడిని దాటిపోతుంది. పట్టు తప్పి తీగ ఒక ఆవర్తనంలో రెండుసార్లు జారుతుంది, అప్పుడు మనకు వినిపించేది పై స్థాయి స్వరం. ఆ స్వరం పెట్టెను ఊపలేదు గనక పెట్టె శాంతిస్తుంది. అది శాంతించగానే పాత ఒత్తిడి మళ్లీ సరిపోతుంది, అసలు స్వరం తిరిగి వస్తుంది, పెట్టె మళ్లీ ఊపందుకుంటుంది. ఈ చక్రం సెకనుకు ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు చెల్లో తడబడుతుంది.

ఇలా వివరించినవాడు మనకు బాగా తెలిసినవాడే. సి.వి. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది, పై చదువు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో. 1916లో కలకత్తాలో ఆర్థిక శాఖ ఉద్యోగం చేసుకుంటూ, ఆఫీసుకు ముందూ తర్వాతా ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో పనిచేస్తూ, ఆయన చెల్లో వుల్ఫ్ నోట్ మీద వ్యాసాలు ప్రచురించాడు. తీగ కదలికనూ పెట్టె కదలికనూ ఒకేసారి ఫొటో తీసి, ఒకటి పెరిగేకొద్దీ రెండోది ఎలా కుంగుతుందో చూపించాడు. నోబెల్ తెచ్చిన కాంతి పరిశోధన ముందు ఈ పని మరుగున పడిపోయింది. మృదంగం మీద ఆయన చేసిన పని గురించి కచేరీల్లో నాలుగు మాటలైనా వినిపిస్తాయి, దీని గురించి చెల్లో వాయించేవాళ్లలోనే చాలామందికి తెలియదు. నాకైతే ఇది ఆయన రాసిన వాటిలోకెల్లా ముచ్చటైనదిగా అనిపిస్తుంది.

రామన్ తర్వాత దీన్ని పట్టుకున్నవాళ్లలో ముఖ్యుడు జాన్ షెలెంగ్. బెల్ ల్యాబ్స్‌లో రేడియో ఇంజనీరు, సరదాకు చెల్లో వాయించేవాడు. 1963లో ఆయన తీగ వాయిద్యాన్ని ఒక విద్యుత్ వలయంగా భావించి లెక్కలు వేశాడు. రెండు అనునాదాలు, అంటే తీగదీ పెట్టెదీ, ఒకే చోట కలిస్తే అవి కలిసిపోవు, ఒకటి కాస్త కిందకీ ఒకటి కాస్త పైకీ విడిపోతాయి. 172, 177 హెర్ట్జ్ అలా పక్కపక్కన మోగితే సెకనుకు ఐదు విస్పందనాలు, అంటే ఐదు కొట్టుకోవడాలు, వినిపిస్తాయి. ఆయన లెక్కలో మనకు పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. తీగ ఎంత బరువైనదైతే పెట్టెతో ముడి అంత బిగుస్తుంది, వుల్ఫ్ అంత ఉగ్రమవుతుంది. అందుకే ఒకే ఎఫ్ డి తీగ మీద కాస్త గుర్రుమంటుంది, జి మీద తడబడుతుంది, సి మీద చేతులెత్తేస్తుంది.

పెట్టె వైపు నుంచి చూస్తే, పలక ఎంత తేలిగ్గా కదిలితే వుల్ఫ్ అంత బలంగా ఉంటుంది. పలక తేలిగ్గా కదలడమంటే వాయిద్యం బాగా పలుకుతుందని కూడా. దళసరి ప్లైవుడ్‌తో చేసిన విద్యార్థి చెల్లోల్లో వుల్ఫ్ అంతగా కనపడదు, అలాగే గొప్ప ధ్వనీ కనపడదు. షాపులో "దీంట్లో వుల్ఫ్ లేదండీ" అని గొప్పగా చెబితే కొంచెం అనుమానించడమే మంచిది.

ఇక మందులు. డబ్బు పెట్టే ముందు ఒంట్లోనే ఉన్నవి వాడుకోవచ్చు. మోకాలితో చెల్లో కింది పక్కను కాస్త నొక్కి పడితే పెట్టె కదలిక తగ్గుతుంది, పెద్ద పెద్ద విద్వాంసులే కచేరీలో ఈ పని చేస్తారు, ప్రేక్షకులు గమనించరు. బోను బరువుగా, నెమ్మదిగా లాగితే కనీస ఒత్తిడిని మించి నిలబడొచ్చు. వైబ్రేటోతో స్వరాన్ని అటూ ఇటూ ఊపుతూ ఉంటే పెట్టె పూర్తిగా ఊపందుకునే వ్యవధి దొరకదు. ఆ ఎఫ్‌ను జి మీద కాకుండా డి మీద వేసుకునేలా వేళ్లు మార్చుకోవడమూ ఒక దారే. గురువులు దీన్ని చివరి ఉపాయంగా చెబుతారు, నేనైతే మొదటిదిగా పెడతాను.

ఇవన్నీ చాలనప్పుడు వచ్చేది ఇత్తడి ట్యూబు. బ్రిడ్జ్‌కీ టెయిల్‌పీస్‌కీ (తీగల కింది చివరలు తగిలించే ముక్క) మధ్య, మనం వాయించని తీగ ముక్క ఉంటుంది కదా, దాని మీద రబ్బరు తొడుగు వేసి, పైన చిన్న ఇత్తడి గొట్టం ఎక్కించి, మరతో బిగిస్తారు. ఎక్కువమంది జి తీగకు పెడతారు, కొందరు సి తీగకు. చూడటానికి కాయితం గుచ్చే పిన్నంత సామాన్యంగా ఉంటుంది. అందుకే చాలామంది దాన్ని తాయెత్తులా ఎక్కడో ఒకచోట కట్టేసి, పనిచేయలేదని తీసేస్తారు. అది తాయెత్తు కాదు, శ్రుతి చేయవలసిన వాయిద్యం.

కొంచెం లెక్క చూద్దాం. చెల్లో తీగ వాయించే పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. కింద మిగిలిన ముక్క దాంట్లో ఆరో వంతు, అంటే సుమారు పదకొండున్నర. బరువేమీ లేకుండా ఆ ముక్కను మీటితే జి తీగకు ఆరు రెట్లు, 588 హెర్ట్జ్ పలుకుతుంది, వుల్ఫ్‌కు చాలా పైన. ఇప్పుడు మధ్యలో బరువు వేలాడదీస్తే అది స్ప్రింగుకు కట్టిన గుండులా నెమ్మదిగా ఊగుతుంది. తీగ తన్యత (బిగువు) 130 న్యూటన్లనుకుని, తీగ సొంత బరువు వదిలేసి లెక్క వేస్తే, నట్టనడుమ 4 గ్రాములు పెట్టినప్పుడు సుమారు 170 హెర్ట్జ్ వస్తుంది. సరిగ్గా వుల్ఫ్ ఇంట్లోకి. 6 గ్రాములు పెడితే నడుమ 138కి పడిపోతుంది. అప్పుడు దాన్ని ఏదో ఒక చివరకు జరపాలి, చివర నుంచి సుమారు 2.4 సెంటీమీటర్ల దగ్గర మళ్లీ 170కి వస్తుంది. ట్యూబు బరువును బట్టి చోటు మారుతుందన్నమాట. స్నేహితుడి చెల్లోలో ఎక్కడుందో కొలిచి మన దానికి అక్కడే పెట్టుకుంటే పనిచేయకపోవడానికి ఇదే కారణం.

ఇలా శ్రుతి చేసిన బరువు వుల్ఫ్ ఉన్న పౌనఃపున్యం దగ్గర బ్రిడ్జ్‌కు ఎదురు ఊగుతుంది, బ్రిడ్జ్ కదలికలో కొంత తాను తీసుకుంటుంది, రబ్బరు ఆ శక్తిని వేడిగా మార్చి మింగేస్తుంది. తైపే 101 భవనంలో గాలికి ఊగకుండా వేలాడదీసిన 660 టన్నుల ఉక్కు గోళం చేసే పనీ ఇదే. రబ్బరు ఎండిపోయి గట్టిపడితే మింగే పని ఆగిపోతుంది. పాత ట్యూబులు "ఒకప్పుడు పనిచేసేవి" అనిపించుకోవడానికి చాలాసార్లు ఆ రబ్బరే కారణం, చెన్నై ఎండకు అది త్వరగానే పోతుంది.

పెట్టే పద్ధతి: ముందు వుల్ఫ్ ఏ స్వరం దగ్గరుందో ఫోన్లోని ట్యూనర్‌తో చూసి రాసుకోండి. తీగ పూర్తిగా విప్పనక్కరలేదు, చీలిక ఉన్న ట్యూబైతే పక్కనుంచే ఎక్కుతుంది. ఒకవేళ విప్పాల్సివచ్చినా ఒక్క తీగే విప్పాలి. నాలుగూ ఒకేసారి వదులు చేస్తే లోపల నిలబెట్టిన చెక్క పుల్ల, సౌండ్ పోస్ట్, పడిపోయి వేరే ఖర్చు తగులుతుంది. ట్యూబును నడుమ పెట్టి బిగించి, ఆ ముక్కను వేలితో మీటి వినండి. వుల్ఫ్ స్వరం కంటే కింద ఉంటే కొద్దికొద్దిగా చివరికి జరపండి, రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. రెండూ కలిసే చోటు దాటాక బోతో ఎఫ్ చుట్టూ ఒక్కో స్వరం వాయించి చూడండి. బ్రిడ్జ్‌కు మరీ దగ్గరైతే ట్యూబు మ్యూట్‌లా పనిచేయడం మొదలుపెడుతుంది, ధ్వని మొత్తం ముసుగేసుకుంటుంది. మర వదులుగా ఉంటే ట్యూబే జుయ్ మంటుంది, అదో కొత్త తలనొప్పి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ట్యూబు వుల్ఫ్‌ను చంపదు. ఒక్క పెద్ద అనునాదాన్ని రెండు చిన్నవిగా చీలుస్తుంది. ఎఫ్ బాగుపడ్డాక ఇ దగ్గర కాస్త, ఎఫ్ షార్ప్ దగ్గర కాస్త గరగర వినిపిస్తే అది ట్యూబు తప్పు కాదు, అది చేసే పనే అది. ఆ రెండూ భరించగలిగేంత ఉంటే చాలు. అక్కడితో ఆగక రెండో ట్యూబు, మూడో ట్యూబు కట్టుకుంటూ పోతే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పంటించినట్టవుతుంది. వుల్ఫ్ పోతుంది, దాంతోపాటు ఆ చెల్లో ఎందుకు కొన్నామో అదీ పోతుంది.

పలకకు తగిలించే రకాలు కూడా ఉన్నాయి. ఒకటి, చిన్న డబ్బాలో స్ప్రింగు మీద బరువు, ఫలానా స్వరానికి ముందే శ్రుతి చేసి అమ్ముతారు. ఎఫ్-హోల్ (పలకకున్న ఎఫ్ ఆకారపు కన్నం) పక్కన, పలక ఎక్కువగా ఊగే చోట, లోపల అతికిస్తారు. ఆ చోటు కనిపెట్టడానికి ఒకరు వుల్ఫ్ స్వరం వాయిస్తుంటే ఇంకొకరు వేలితో పలకను అక్కడక్కడా నొక్కి చూడాలి. ఇంకోటి లోపలొకటి బయటొకటి అయస్కాంతాలు పెట్టి నిలిపేది, కావలసినట్టు జరుపుకోవచ్చు. ఈ రెంటికీ తీగతో పని లేదు కాబట్టి తీగ మార్చినప్పుడల్లా మళ్లీ శ్రుతి చేసే బాధ తప్పుతుంది. అన్నిటికన్నా చవకది పోస్టర్లు అంటించే మెత్తని బంక ఉండ. పలక మీద అతికిస్తే అది శ్రుతి చేసిన బరువు కాదు, ఉత్త బరువు. పెట్టె అనునాదాన్నే కొంచెం కిందకి దింపుతుంది. వుల్ఫ్ సరిగ్గా ఎఫ్ మీద, 175 దగ్గర ఉంటే, 170కి దించగలిగితే అది ఇ కీ ఎఫ్ కీ నడుమ, ఎవరూ ఆగని చోట కూర్చుంటుంది. పాత పాలిష్ ఉన్న వాయిద్యానికి మాత్రం బంక ఎక్కువకాలం ఉంచకూడదు. తీగలు మార్చేటప్పుడు జి, సి తీగలకు తేలికపాటివి, తక్కువ తన్యతవి ఎంచుకోవడమూ పనిచేస్తుంది, షెలెంగ్ లెక్క చెప్పింది అదే. సౌండ్ పోస్ట్ జరపడం మాత్రం తెలిసిన రిపేరు మనిషికే వదిలేయండి.

చెన్నైలో ఇంకో చిక్కు గాలిలో ఉంది. చెక్క తేమ పీల్చుకుంటే బరువెక్కుతుంది, గట్టిదనం తగ్గుతుంది, అనునాదం కిందకి దిగుతుంది. ఈశాన్య రుతుపవనాల నాళ్లలో అడయారులో కిటికీలు తెరిచిన ఇంట్లో శ్రుతి చేసిన ట్యూబు, రోజంతా ఏసీ నడిచే స్టూడియోలో అక్కరకు రాకపోవచ్చు. రెండు చోట్లా వాయించేవాళ్లు బ్రిడ్జ్ నుంచి ట్యూబు దూరాన్ని స్కేలుతో కొలిచి, ఇంటికొకటి స్టూడియోకొకటి రాసి పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంతవరకు చెప్పిందంతా పాశ్చాత్య సంగీతాన్ని దృష్టిలో పెట్టుకున్నది. అక్కడ పన్నెండు స్వరాలూ కావాలి, శ్రుతి మారదు. చెల్లో మీద కర్ణాటక సంగీతం వాయించాలనుకునేవాళ్లకు ఇంకో దారి తెరుచుకుని ఉంది, దాన్ని ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు. మనకు షడ్జమం ఎక్కడ పెట్టుకోవాలో మన ఇష్టం. రాగంలో కొన్ని స్వరాలు ఉండనే ఉండవు. గమకంతో ఊగే స్వరం ఒక్కచోట నిలబడదు కాబట్టి పెట్టె ఊపందుకునేలోపే దాటిపోతుంది. వుల్ఫ్‌కు చిక్కేది మనం సాగదీసి నిలిపే స్వరమే.

సి ని షడ్జమం చేసుకుంటే ఎఫ్ శుద్ధ మధ్యమం, ఎఫ్ షార్ప్ ప్రతి మధ్యమం. మోహనంలో, హంసధ్వనిలో మధ్యమమే లేదు, వాటిని ఏ ట్యూబూ లేకుండా వాయించుకోవచ్చు. శంకరాభరణంలో మధ్యమం ఊగుతూ ఉంటుంది కాబట్టి చాలావరకు గట్టెక్కుతాం. హిందోళం దగ్గర ఇరుక్కుంటాం, అందులో మధ్యమం మీద నిలవకపోతే రాగమే లేదు. షడ్జమాన్ని డి కి పెంచితే హిందోళంలో గాంధారం ఎఫ్ మీదికొచ్చి కూర్చుంటుంది, పైగా అప్పటిదాకా సురక్షితంగా ఉన్న మోహనంలో అంతర గాంధారం ఎఫ్ షార్ప్ అవుతుంది. పెంచడం దండగ. అదే అర మెట్టు దించి బి ని షడ్జమం చేస్తే హిందోళంలో మధ్యమం ఇ, ధైవతం జి. నడుమ పంచమం లేదు, కాబట్టి ఎఫ్, ఎఫ్ షార్ప్ రెండూ ఖాళీ. తీగలు కాస్త వదులవుతాయి గనక వుల్ఫ్ కూడా ఇంకొంచెం మెత్తబడుతుంది. హిందోళం అయిపోయాక అదే శ్రుతిలో మోహనం ఎత్తుకున్నారా, ఈసారి పంచమం ఎఫ్ షార్ప్ మీద పడుతుంది. వుల్ఫ్ అక్కడే ఉన్న చెల్లో అయితే సామాను సంచిలోంచి ట్యూబు తీసి బిగించాల్సిందే.